రొయ్యల గుంటల మధ్య ఫైబర్ రింగు: రెండుసార్లు తెగి మూడోసారి నిలబడిన ప్లాను

నేపథ్యం

నెల్లూరు జిల్లాలో తీరం వెంబడి ఉన్న ఒక వనామీ ఫారం. గుర్తుపట్టే వివరాలు తీసేశాం. మొత్తం 34 గుంటలు. ఏరియేటర్లకు కరెంటిచ్చే ప్యానెల్ షెడ్లు ఐదు, ఉప్పుటేటి ఒడ్డున ఒక పంపు హౌసు, రోడ్డు వైపు ఆఫీసు. గట్ల మీద కేబుల్ నడిచే దారిలో ఆఫీసు నుంచి పంపు హౌసుకు సుమారు 1,300 మీటర్లు.

ప్రతి షెడ్డులో ఒక చిన్న పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ తీగలోనే కరెంటు కూడా పంపేది), రెండు కెమెరాలు, నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలిచే డీఓ సెన్సార్ల గేట్‌వే, ఏరియేటర్ ప్యానెల్‌ను దూరం నుంచి ఆన్ చేసే కంట్రోలర్ ఉండాలి. కెమెరాల బొమ్మ ఒక గంట రాకపోయినా ఎవరికీ నష్టం లేదు. డీఓ సంగతి వేరు. చీకటి పడ్డాక నీటిలో కిరణజన్య సంయోగక్రియ ఆగిపోతుంది, ఊపిరి తీయడం మాత్రం ఆగదు. అందుకే డీఓ తెల్లవారుజామున అడుగుకు చేరుతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందికి దిగితే రొయ్య పైకి తేలడం మొదలవుతుంది. ఆ వేళలో నెట్‌వర్క్ పడిపోతే పోయేది ఒక గుంట పంట. కాబట్టి ఈ ప్లానుకు కొలమానం వేగం కాదు. తెల్లవారుజామున 3 గంటలకు, వానలో, కరెంటు పోయినప్పుడు కూడా డీఓ రీడింగ్ ఆఫీసుకు చేరుతోందా లేదా అన్నదే.

సమస్య

మమ్మల్ని పిలిచేనాటికి ఆఫీసు నుంచి ఒకటో షెడ్డుకు 130 మీటర్ల క్యాట్‌6 రాగి కేబుల్ ఉంది, మిగతా షెడ్లకు వైర్‌లెస్ రేడియోలు. రాగి ఈథర్నెట్ 100 మీటర్లకే. 130 మీటర్ల మీద లింకు పైకి వస్తుంది, పోతుంది, వేడెక్కిన మధ్యాహ్నం ఇంకా ఎక్కువగా పోతుంది. రేడియోలు ఎండాకాలమంతా బాగానే పనిచేశాయి. పిడుగుల కాలం వచ్చేసరికి పైన స్తంభం మీద ఉన్న రేడియో, కింద దాని అడాప్టర్, అక్కడి నుంచి స్విచ్ పోర్టు వరసగా మాడిపోయేవి. రెండు షెడ్ల మధ్య లోహపు తీగ ఉన్నంతకాలం ఒక షెడ్డు ఎర్తింగ్‌కూ ఇంకో షెడ్డు ఎర్తింగ్‌కూ మధ్య తేడా ఆ తీగలోంచే పారుతుంది. వెలుతురుతో సమాచారం మోసే గాజు పోగు, అంటే ఫైబర్ వైపు మొగ్గడానికి దూరం ఎంత కారణమో ఇదీ అంతే కారణం.

మొదటి ప్రయత్నం: సరుగుడు కర్రల మీద తీగ

ఇది మాకన్నా ముందు జరిగింది. ఇళ్లకు ఇంటర్నెట్ లాగే రెండు కోర్ల (గాజు పోగుల) చదును డ్రాప్ కేబుల్‌ను గట్ల మీద సరుగుడు కర్రలు పాతి వాటిమీద లాగారు. ఖర్చు తక్కువ, రెండు రోజుల్లో పని అయిపోయింది. ఆరు నెలలు కూడా నిలవలేదు.

దీనికి మూడు కారణాలు. ఒకటి, డ్రాప్ కేబుల్‌ను మోసేది పక్కనే ఉన్న సన్నని ఇనుప తీగ. కర్రకు కట్టే చోట దాని ప్లాస్టిక్ తొడుగు చీరుతారు, ఉప్పుగాలికి అక్కడే తుప్పు పట్టి తెగుతుంది. తీగ తెగితే బరువంతా గాజు మీద పడుతుంది. రెండు, పట్టుబడి రోజున ఐసు లారీ గట్టు మీదికి వస్తుంది. లారీ ఎత్తు ఎంతో ఎవరూ కొలవలేదు. మూడోది చూసేదాకా నమ్మబుద్ధి కాలేదు. కొంగలు దిగకుండా గుంట మీద అడ్డంగా నైలాన్ దారాలు కడతారు. కట్టడానికి ఈ చివర కొక్కెం లేక కూలీలు డ్రాప్ కేబుల్‌కే ముడేశారు. ఒక కర్రకూ ఇంకో కర్రకూ మధ్య ఏడెనిమిది దారాలు. గాలి వీచినప్పుడల్లా ప్రతి ముడి దగ్గరా కేబుల్ ‘వి’ ఆకారంలో లాగబడేది. వాళ్లది తప్పనలేం. గట్టు మీద కనిపించే తీగ ఏదైనా ఫారంలో దారమే.

రెండో ప్రయత్నం: గట్టులో పూడ్చిన ఇనుప కవచం

రెండోసారి మేమే వేశాం. పైన వద్దు కాబట్టి భూమిలో, ఎలుకలున్నాయి కాబట్టి స్టీలు టేపు కవచం ఉన్న ఆరు కోర్ల కేబుల్. డక్టు (పైపు) లేకుండా నేరుగా గుంటల మధ్య గట్లలో 45 సెంటీమీటర్ల లోతున పూడ్చాం. గుంటల మధ్య నుంచి పోతే దూరం తక్కువ, 1,300 మీటర్ల దారి 900కు దిగింది. మ్యాపు మీద చూస్తే మంచి నిర్ణయమే. తప్పంతా మ్యాపు మీద చూడడంలోనే ఉంది.

పట్టుబడి అయ్యాక గుంట ఎండగట్టి, అడుగున పేరుకున్న నల్లమట్టి గీకి, కోసుకుపోయిన గట్టు వాలును జేసీబీతో సరిచేస్తారు. 45 సెంటీమీటర్లు జేసీబీ బకెట్‌కు ఒక పట్టు. మొదటి పంట విరామంలోనే రెండుచోట్ల తెగింది. అతికించి, అతుకులను మూసి ఉంచే పెట్టెలను, అంటే జాయింట్ క్లోజర్లను అక్కడే మట్టిలో పెట్టాం, ఇది రెండో తప్పు. గట్టు మట్టి ఎప్పుడూ ఊటతో తడిగా ఉంటుంది. కేబుల్ దూరే రంధ్రం దగ్గర సీలు సరిగా బిగియకపోతే క్లోజర్ నెమ్మదిగా నీటి సీసా అవుతుంది. తెరిచినప్పుడు ట్రే మునిగి ఉంది, నీరు ఉప్పగా ఉంది.

కవచం సంగతి ఇంకా చేటు. ప్రతి షెడ్డులో స్టీలు టేపును ఎర్త్ చేశాం, పుస్తకంలో రాసినట్టే. ఫలితంగా ఐదు షెడ్ల ఎర్తింగ్‌లను మేమే ఒక ఇనుప పట్టీతో కలిపినట్టయింది. గాజులో పిడుగు పారదు, దాని చుట్టూ చుట్టిన ఇనుములో పారుతుంది. ఆ ఏడు పోయిన రెండు స్విచ్‌లలో ఎస్‌ఎఫ్‌పీ పోర్టులు (ఫైబర్ తగిలించేవి) బాగానే ఉన్నాయి, పవర్ సప్లై వైపు మాడింది.

జేసీబీ ఆపరేటర్‌ను అడిగితే ముందే చెప్పేవాడు. తర్వాత అడిగితే చెప్పిన మాట ఇది: “అన్నా, ఈ గట్టు పంట పంటకీ గీకేదే. నువ్వు ఇనప తీగేసినా బంగారు తీగేసినా బకెట్‌కి ఏం తెలుస్తుంది?”

మూడో ప్లాను: దారి ముందు, కేబుల్ తర్వాత

ఈసారి కేబుల్ గురించి మాట్లాడకుండా రెండు రోజులు ఫారంలో తిరిగాం. వెంట జేసీబీ ఆపరేటర్, ఎలక్ట్రీషియన్, నీళ్లు పెట్టే మేస్త్రి. ప్రతి గట్టు దగ్గరా అడిగినవి మూడే ప్రశ్నలు: దీన్ని ఎవరు తవ్వుతారు, ఎప్పుడు తవ్వుతారు, ఎంత లోతు? సున్నంతో గుర్తులు పెట్టాం. లెక్క తేలింది. గుంటల మధ్య గట్లన్నీ ఏటా గీకేవే. ఫారం చుట్టూ లారీ తిరిగే పెద్ద గట్టు బయటి అంచును మాత్రం ఎవరూ ముట్టరు. అలా తిరిగితే దారి 2,640 మీటర్లు, దాదాపు మూడింతలు. అయితే చుట్టూ తిరిగి ఆఫీసుకే వస్తుంది, అంటే రింగు. ఎక్కువ పొడవుకు పెట్టిన డబ్బు రెండో దారి రూపంలో తిరిగొచ్చింది.

లోతు విషయంలో యజమానితో గట్టిగానే వాదన నడిచింది. ప్రభుత్వ రోడ్ల పక్కన ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌కు 1.65 మీటర్ల లోతు ఆనవాయితీ. గట్టు ఎత్తే మీటరున్నర, అంత తవ్వితే ఊట తగులుతుంది, గట్టు కారుతుంది. ఆయన భయమల్లా అదే, అది న్యాయమైన భయం కూడా. 90 సెంటీమీటర్ల దగ్గర కుదిరింది. డక్టు మీద మెత్తటి మట్టి, దాని మీద సిమెంటు పలకలు, నేల నుంచి 40 సెంటీమీటర్ల దగ్గర హెచ్చరిక టేపు. మట్టిని ఒకేసారి నెట్టేయకుండా 15 సెంటీమీటర్ల పొరలుగా తడిపి దిమ్మిస కొట్టించాం. వదులుగా పూడ్చిన కందకం గట్టులో నీటికి కాలువే. తూములు దాటే మూడుచోట్ల డక్టును 63 మిల్లీమీటర్ల పైపులో పెట్టి చుట్టూ కాంక్రీటు పోశాం. జీఐ పైపు వాడలేదు, ఉప్పునీటి పక్కన దాని ఆయుష్షు తెలిసిందే.

పనికి ఎంచుకున్న నెల జనవరి. ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు తీరాన్ని వదలవు. ఫిబ్రవరిలో ఈ ఫారంలో రొయ్య పిల్ల వదులుతారు. పిల్ల వదిలాక గట్టు మీద యంత్రాలకు ఒప్పుకోరు. నడుమ దొరికేది ఆ నాలుగు వారాలే.

కేబుల్ ఎంపిక

సింగిల్‌మోడ్ జి.652.డి, ఎక్కువ దూరాలకు వాడే ఫైబర్ రకం. 1,300 మీటర్లు మల్టీమోడ్‌కు అందదు. గిగాబిట్‌కు అది అర కిలోమీటరు దగ్గరే ఆగుతుంది. లోహం అన్నది ఎక్కడా లేని రకం తీసుకున్నాం: మధ్యలో ఎఫ్‌ఆర్‌పీ (గాజునార కలిపిన ప్లాస్టిక్) కడ్డీ, చుట్టూ గాజునూలు. పళ్లకు గాజునూలు గుచ్చుకుంటుంది కాబట్టి ఎలుక కొంత వెనక్కి తగ్గుతుంది. పందికొక్కును పూర్తిగా ఆపేది మాత్రం డక్టు మూతులకు బిగించిన ప్లగ్గులే. గట్లలో ఎండ్రకాయల బొరియలు ఎలాగూ ఉంటాయి, అందుకే మూసిన పైపు తప్పనిసరి. డక్టు లోపల జారుడు పూత ఉన్న ప్లాస్టిక్ పైపు, 40/33 మిల్లీమీటర్ల పీఎల్‌బీ హెచ్‌డీపీఈ. లోహం లేని కేబుల్‌కు ఒక లోటుంది. భూమి మీద నుంచి యంత్రంతో దాని జాడ పట్టలేం. అందుకని 50 మీటర్లకొక గుర్తురాయి పాతాం.

12 కోర్లు, రెండు ట్యూబుల్లో ఆరేసి. పొడవు లెక్క ఇలా వచ్చింది: దారి 2,640, ఆరు చోట్ల 20 మీటర్ల చొప్పున చుట్టలు 120, ఆఫీసులో రెండు కొసలకు 40, డక్టులో మెలికలకు రెండు శాతం 53. మొత్తం 2,853. రెండు 1,450 మీటర్ల ముక్కలుగా తెప్పించాం, రెండూ కలిసేచోటు సరిగ్గా పంపు హౌసు దగ్గర పడేలా. మామూలుగా వచ్చే 2 కిలోమీటర్ల డ్రమ్ము తెచ్చి ఉంటే అతుకు గట్టు మధ్యలో పడేది.

కోర్ల పంపకం

ఈ కేసులో అన్నిటికన్నా ఎక్కువసేపు ఆలోచించింది ఇక్కడే. రింగు అనగానే స్విచ్ నుంచి స్విచ్‌కు గొలుసు కట్టడం అలవాటు. ఫారంలో అది పనికిరాదు. ఒకే ఫీడర్ మీద ఉన్న రెండు షెడ్లు కలిసే ట్రిప్ అవుతాయి. గొలుసులో రెండు స్విచ్‌లు ఆరిపోతే వాటి మధ్యవి బాగున్నా ఒంటరివి అవుతాయి. అందుకే కేబుల్ రింగు, లింకులు మాత్రం ప్రతి షెడ్డు నుంచి నేరుగా ఆఫీసుకు.

ఒకే కోరులో రెండు వైపులా పంపే బైడీ ఎస్‌ఎఫ్‌పీలు వాడాం. షెడ్డు వైపు 1310 నానోమీటర్ల వెలుతురు పంపేవి, ఆఫీసు వైపు 1490 పంపేవి. మొదటి ట్యూబులో షెడ్డుకొక రంగు: ఒకటికి నీలం, రెండుకు నారింజ, మూడుకు ఆకుపచ్చ, నాలుగుకు గోధుమ, ఐదుకు బూడిద, పంపు హౌసుకు తెలుపు. షెడ్డు దగ్గర ట్యూబును పొడవునా చీల్చి ఆ ఒక్క రంగు కోరునే కత్తిరిస్తాం. దాని ఒక కొస కుడి దారిన ఆఫీసుకు, ఇంకో కొస ఎడమ దారిన ఆఫీసుకు. రెండూ షెడ్డు స్విచ్‌లోకే వస్తాయి. మిగతా ఐదు రంగులు కత్తెర చూడకుండా దాటిపోతాయి. ఆరు కోర్లతో ఆరు చోట్లకు రెండేసి దారులు వచ్చాయి. రెండో ట్యూబు షెడ్ల దగ్గర తెరవనే లేదు, అది స్పేరు.

ఆఫీసు స్విచ్‌లో దీనికి 12 ఎస్‌ఎఫ్‌పీ పోర్టులు కావాలి. రెండు దారులనూ కలిపి వాడే ఎల్‌ఏసీపీ పెట్టలేదు, ఆర్‌ఎస్‌టీపీతో (సందేశాలు చుట్టూ తిరుగుతూ ఉండిపోకుండా చూసే పద్ధతి) ఒకటి పనిలో, ఒకటి కాపలాలో ఉంచాం. వేగం ఎలాగూ అక్కర్లేదు. రాత్రి షెడ్డు స్విచ్ పోతే దొరికిన మామూలు స్విచ్ తెచ్చి తగిలిస్తారు. అలాంటివి చాలావరకు ఆర్‌ఎస్‌టీపీ సందేశాలను అటు నుంచి ఇటు దాటిస్తాయి కాబట్టి ఆఫీసు స్విచ్ తన సందేశం తనకే తిరిగొచ్చిందని చూసి ఒక పోర్టు మూసుకుంటుంది. ఎల్‌ఏసీపీ అయితే సెట్టింగు లేని స్విచ్ దగ్గర పేచీ పెడుతుంది.

క్లోజర్లు ఈసారి భూమిలో పెట్టలేదు. షెడ్డు గోడకూ పెట్టలేదు, గుంటలు కలిపేసినప్పుడు రేకుల షెడ్లు పక్కకు జరుగుతాయి. పక్కనే కాంక్రీటు స్తంభం నిలబెట్టి, నేలకు 1.2 మీటర్ల ఎత్తులో క్లోజర్, దాని కింద 20 మీటర్ల చుట్ట. కేబుల్ మందం 11 మిల్లీమీటర్లు. లాగేటప్పుడు మందానికి 20 రెట్లు, అంటే 22 సెంటీమీటర్ల వ్యాసార్థం కన్నా బిగువుగా వంచకూడదు. స్థిరపడ్డాక 10 రెట్లు చాలు. చుట్టకు అర మీటరు వ్యాసం ఇచ్చాం. క్లోజర్ నుంచి షెడ్డులోకి నాలుగు కోర్ల డ్రాప్, అదీ లోహం లేనిదే.

లాస్, అంటే దారిలో తగ్గే వెలుతురు లెక్క, డీబీల్లో: అతి పొడవైన దారిలో ఫైబర్ 2.9 కిలోమీటర్లు, కిలోమీటరుకు 0.4 చొప్పున 1.2 డీబీ. అతుకులు నాలుగు, ఒక్కోటి 0.1, కలిపి 0.4. కనెక్టర్లు రెండు, ఒక్కోటి 0.5, కలిపి 1.0. మొత్తం 2.6 డీబీ. 10 కిలోమీటర్ల బైడీ మాడ్యూలు కనీసం మైనస్ 9 డీబీఎం పంపుతుంది, మైనస్ 19.5 దాకా అందుకుంటుంది, అంటే 10.5 డీబీ. మిగులు దాదాపు 8. ముందుచూపుతో 40 కిలోమీటర్ల మాడ్యూళ్లు కొందామన్న సలహా వచ్చింది. ఇంత చిన్న దూరంలో వాటి వెలుతురు అవతలి రిసీవర్‌కు మోతాదు మించే ప్రమాదం ఉంది. వద్దన్నాం.

కరెంటు గురించి ఒక్క మాట. స్విచ్ 12 వాట్లు, గేట్‌వే 5, కెమెరాలు రెండూ 14, మొత్తం 31. నాలుగు గంటలకు 124 వాట్-అవర్లు. 12 వోల్టుల 26 ఏహెచ్ బ్యాటరీలో సగం వాడితే 156, సరిపోతుంది. 12 వోల్టుల మీదే పీఓఈ ఇచ్చే, ఫ్యాను లేని స్విచ్ తీసుకున్నాం. ఫ్యాను ఉంటే ఉప్పుగాలిని లోపలికి పీల్చి బోర్డుకు రాస్తుంది.

పరీక్షలో దొరికిన తప్పు

అన్ని లింకులూ పైకి వచ్చాయి, పచ్చ దీపాలు వెలిగాయి. స్విచ్‌లో రిసీవ్ పవర్ చూస్తే నాలుగో షెడ్డు ఎడమ దారిలో ఆఫీసు అందుకుంటున్నది సరిగానే ఉంది, షెడ్డు అందుకుంటున్నది మాత్రం ఒక డీబీ దాకా తక్కువ. రెండూ నడిచేది ఒకే కోరులో. తేడా వెలుతురు రంగులో, అంటే తరంగదైర్ఘ్యంలో ఉంది: షెడ్డుకు వచ్చేది 1490, పోయేది 1310. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ వంపు దగ్గర వెలుతురు ఎక్కువ జారిపోతుంది. 500 మీటర్ల లాంచ్ ఫైబర్ పెట్టి ఓటీడీఆర్ (ఏ దూరంలో ఎంత వెలుతురు పోతోందో చూపే యంత్రం) కొడితే పంపు హౌసు క్లోజర్ ఉన్నచోట 1310లో 0.15 డీబీ, 1550లో 1.4. అతుకు చెడితే రెండిట్లోనూ దాదాపు ఒకేలా కనిపించాలి. ఇది వంపే. తెరిస్తే గోధుమ రంగు కోరు ట్రే చెవికీ మూతకూ మధ్య నలిగి ఉంది. తీసి చుట్టలో సర్దాం, రెండు గీతలూ చదునయ్యాయి. ఒక్క 1310లో కొట్టి సంతకం పెట్టి ఉంటే ఇది బయటపడేది కాదు.

ఇంకో చిన్నది. ఆఫీసులో ఒక పోర్టు 5 డీబీ తక్కువ చూపింది. ఎవరి సంచిలోంచో వచ్చిన, కొన ఏటవాలుగా ఉండే ఆకుపచ్చ ఏపీసీ ప్యాచ్‌కార్డు తిన్నటి కొనకు చేసిన నీలం యూపీసీ అడాప్టర్లో దూరి ఉంది. ఆ ఫారంలో ఇప్పుడు ఆకుపచ్చ కనెక్టర్ ఉండకూడదని నియమం.

ఓటీడీఆర్ చెప్పే దూరం గట్టు మీది దూరం కాదు, మధ్యలో చుట్టలుంటాయి. అందుకని కేబుల్ తొడుగు మీద అచ్చయిన మీటరు అంకెను ప్రతి స్తంభం దగ్గరా, చుట్టకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి రాసుకున్నాం. ఆ కాగితం లామినేట్ చేసి ఆఫీసు ర్యాకు తలుపుకు అంటించాం.

తర్వాతి వానాకాలం

నవంబరులో అల్పపీడనం పట్టి రెండు రోజులు ఆగకుండా కురిసింది. బయటి పొలాల నీరు పెద్ద గట్టుకు ఆనుకుని నిలిచింది. గట్టు పోకుండా రాత్రికి రాత్రి రెండు, మూడు షెడ్ల మధ్య జేసీబీతో గండి కొట్టి నీరు వదిలారు. ఎవరూ ముట్టని అంచు అని మేము రాసుకున్నచోటే. నీటి మేస్త్రిని అడిగిన మూడు ప్రశ్నల్లో ‘వరదొస్తే ఎక్కడ గండి కొడతారు’ అన్నది లేదు. అలాంటి చోట్లు ఫారంలో రెండున్నాయి, మేస్త్రికి ఎప్పటినుంచో తెలుసు.

కేబుల్ తెగింది, ఏ షెడ్డూ ఆగలేదు. ప్రతి షెడ్డుకూ ఒక దారి పోయి ఒక దారి మిగిలింది. అంతా సవ్యంగా ఉండడం వల్లే తొమ్మిది రోజులు ఎవరికీ తెలియలేదు. ర్యాకులో 12 దీపాలకు ఆరు ఆరిపోయి ఉన్నాయి. ఆ తొమ్మిది రోజుల్లో ఇంకోచోట తెగి ఉంటే ఆ రెండు తెగిన చోట్ల మధ్య ఉన్న షెడ్లన్నీ ఒకేసారి పోయేవి.

మరమ్మతులో తొందర లేదు కాబట్టి మంచి పద్ధతినే పట్టాం. తెగినచోట అతికిస్తే క్లోజర్ మళ్లీ మట్టిలోకి పోతుంది. దానికి బదులు రెండో స్తంభం నుంచి మూడో స్తంభం దాకా పాత ముక్క తీసేసి, స్టోరులో ఉంచిన స్పేరు కేబుల్ లాగి, ఉన్న క్లోజర్లలోనే 12 కోర్లూ రెండు వైపులా అతికించాం. అదనపు లాస్ 0.2 డీబీ, మిగులు 8లో అది ఎంత. గండి కొట్టే రెండు చోట్లా డక్టును ఇంకా లోతుకు దించి కాంక్రీటులో పెట్టాం, పైన ఎర్రరంగు గుర్తురాళ్లు నాటాం.

లింకు పడితే సూపర్‌వైజర్ ఫోనుకు మెసేజ్ వచ్చేలా చేశాం. ఫోను సిగ్నల్ లేని రాత్రులూ ఉంటాయి కదా. డీఓ మీటరు పట్టుకుని రాత్రి 10కి, 2కి, 4కి గుంట గుంటకూ తిరిగి రిజిస్టరులో అంకెలు రాసే మనిషి ఈ ఫారంలో ఎప్పటినుంచో ఉన్నాడు. సెన్సార్లు వచ్చాక కూడా ఆ పని ఆపలేదు. ఆ రిజిస్టరులో ‘నీటి రంగు’ గడి పక్కన ఇంకో గడి గీయించాం, పైన ‘దీపాలు’ అని రాసి. 10 గంటల రౌండుకు బయలుదేరే ముందు ర్యాకు తలుపు తీసి లెక్కపెట్టి అంకె వేస్తాడు. 12 కాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో అట్ట మీద రాసి ఉంది.